లేకర్స్ 33-49: ఒక కోచ్ కళ్ళతో 2021-22 సీజన్ కేస్ స్టడీ

నేను కుర్రాళ్ళకి బాస్కెట్‌బాల్ కోచింగ్ ఇస్తా, టీమ్ కట్టడం అంటే ఏంటో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా గెలిచిన టీమ్ కన్నా ముందు ఎన్‌బీఏ (అమెరికా ప్రో బాస్కెట్‌బాల్ లీగ్) లో 2021-22 లాస్ ఏంజెలిస్ లేకర్స్ సీజనే చూపిస్తా. లెబ్రాన్ జేమ్స్, ఆంథనీ డేవిస్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్, పక్కన కార్మెలో ఆంథనీ, డ్వైట్ హోవర్డ్, రోండో. పేర్లు చదువుతుంటే ఆల్ స్టార్ గేమ్ పోస్టర్ లా ఉంటుంది. సీజన్ ముందు టైటిల్ ఎవరిది అంటే బ్రూక్లిన్ నెట్స్ తర్వాత అందరూ చెప్పిన పేరు వీళ్ళదే. చివరికి 82 మ్యాచుల్లో 33 గెలిచి 49 ఓడి వెస్ట్ (లీగ్ లో సగం టీమ్ లు ఉండే వెస్టర్న్ కాన్ఫరెన్స్) లో 11వ స్థానం, ప్లేఆఫ్స్ కాదు కదా 10వ స్థానం వాళ్ళకి కూడా ఛాన్స్ ఇచ్చే ప్లే-ఇన్ కి కూడా రాలేదు.

ఎందుకు అని ఎవర్ని అడిగినా రెండే ఆన్సర్లు, "వెస్ట్‌బ్రూక్ నాశనం చేశాడు" లేదా "గాయాలయ్యాయి బ్రో". రెండూ సగం సగం నిజాలే. నేను చెప్పేది ఏంటంటే, ఈ టీమ్ పోగొట్టుకున్నది స్టార్స్ ని కాదు, స్టార్స్ మధ్యలో ఉండే ఆ మామూలు ఆటగాళ్ళని. వాళ్ళని ఇచ్చేసింది కూడా ఎండాకాలంలోనే, ఒక్క మ్యాచ్ ఆడకముందే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2020 లో ఇదే లేకర్స్ బబుల్ (కోవిడ్ వల్ల టీమ్ లన్నిటినీ ఒకేచోట ఉంచి ఆడించడం) లో టైటిల్ కొట్టారు, కోచ్ ఫ్రాంక్ వోగెల్, డిఫెన్స్ పిచ్చి ఉన్న మనిషి. తర్వాతి సీజన్ 2020-21 లో లెబ్రాన్, డేవిస్ ఇద్దరూ చాలా మ్యాచులు మిస్ అయినా డిఫెన్సివ్ రేటింగ్ (100 పొజెషన్లకి ఎదుటివాళ్ళకి ఎన్ని పాయింట్లు ఇచ్చారన్న లెక్క) లో లీగ్ మొత్తంలో ఫస్ట్. ఇది గుర్తు పెట్టుకోండి, పెద్దోళ్ళిద్దరూ బయట కూర్చున్నా డిఫెన్స్ ఫస్ట్ వచ్చిందంటే ఆ పని చేసింది మిగతావాళ్ళే కదా. ఫస్ట్ రౌండ్ లో ఫీనిక్స్ సన్స్ చేతిలో 4-2 తో ఓడిపోయారు, సిరీస్ మధ్యలో డేవిస్ కి గజ్జల్లో గాయం. అప్పుడు అనిపించింది ఏంటంటే లెబ్రాన్ లేనప్పుడు బాల్ పట్టుకుని ఆట నడిపేవాడు ఇంకొకడు కావాలి అని. ఆ ఆలోచన తప్పు కాదు. దానికి వెతికిన మందే తేడా కొట్టింది.

శాక్రమెంటో నుంచి బడ్డీ హీల్డ్ అనే మంచి షూటర్ ని తెచ్చుకునే డీల్ దాదాపు కుదిరింది అని అప్పట్లో గట్టిగా వార్తలొచ్చాయి. డ్రాఫ్ట్ (టీమ్ లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) రోజు సీన్ మారి వాషింగ్టన్ నుంచి వెస్ట్‌బ్రూక్ వచ్చాడు. అతని కోసం ఇచ్చింది కైల్ కుజ్మా, కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్ (అందరూ కేసీపీ అంటారు, నేనూ అదే రాస్తా), మాంట్రెజ్ హారెల్, ఇంకా ఆ ఏడాది 22వ డ్రాఫ్ట్ పిక్.

ఇక్కడ డబ్బు లెక్క ఒకటి అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే, కాస్త ఓపిక పట్టండి. ఎన్‌బీఏ లో సాలరీ క్యాప్, అంటే టీమ్ మొత్తం జీతాలకి ఒక పరిమితి, ఉంటుంది, ఆ ఏడాది అది సుమారు 11 కోట్ల 24 లక్షల డాలర్లు. క్యాప్ దాటిన టీమ్ ట్రేడ్ చేయాలంటే వచ్చేవాడి జీతానికి దగ్గర్లో ఉండే జీతాలు బయటికి పంపాలి. వెస్ట్‌బ్రూక్ జీతం 4 కోట్ల 42 లక్షలు. దాన్ని మ్యాచ్ చేయాలంటే ఒక్కడు సరిపోడు, మధ్యస్థం జీతాలున్న ముగ్గురు కావాలి, ఆ ముగ్గురే వెళ్ళారు. దాంతో లెబ్రాన్ కి 4 కోట్ల 12 లక్షలు, డేవిస్ కి 3 కోట్ల 54 లక్షలు, వెస్ట్‌బ్రూక్ తో కలిపితే 12 కోట్ల పైమాట, అంటే ముగ్గురి జీతాలకే క్యాప్ దాటిపోయింది. ఇంకా పది పన్నెండు మందిని తేవాలి, చేతిలో ఉన్నవి మినిమమ్ కాంట్రాక్టులు (రూల్స్ ప్రకారం అతి తక్కువ జీతం), క్యాప్ దాటినా కాస్త ఎక్కువ ఇవ్వనిచ్చే ఒక చిన్న ఎక్సెప్షన్. మినిమమ్ కి వచ్చేది ఎవరు? ఒకటి కెరీర్ చివర్లో ఉంగరం (టైటిల్) కోసం వచ్చే సీనియర్లు, రెండు ఇంకా ఏం తేల్చుకోని కుర్రాళ్ళు. 25 నుంచి 29 ఏళ్ళ మధ్య, రోజూ 30 నిమిషాలు ఎదుటి గార్డ్ ని కాసుకుంటూ త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేసేవాడు ఆ రేటుకి దొరకడు. దొరికినా ఒకడు, మాలిక్ మంక్ అలా దొరికాడు, మ్యాచ్ కి దాదాపు 14 పాయింట్లు ఇచ్చాడు, వచ్చే ఏడాదే మంచి డబ్బుకి శాక్రమెంటో వెళ్ళిపోయాడు. అంతే మరి, మినిమమ్ లో బాగా ఆడినవాడు మీ దగ్గర ఉండడు.

ఇంకో దెబ్బ అలెక్స్ కరూసో. ఇది నాకు ట్రేడ్ కన్నా ఎక్కువ కోపం తెప్పించే విషయం. కరూసో లేకర్స్ సొంత ఆటగాడు, డ్రాఫ్ట్ కాకుండా కింది లీగ్ నుంచి పైకొచ్చి లీగ్ లోనే మంచి డిఫెండర్ల లో ఒకడయ్యాడు. క్యాప్ దాటినా సొంత ఆటగాడిని ఉంచుకునే దారి రూల్స్ లో ఉంది. కానీ లగ్జరీ టాక్స్ (జీతాలు మరీ పెరిగితే లీగ్ కి కట్టే అదనపు డబ్బు) పడుతుంది. లేకర్స్ తక్కువ ఆఫర్ ఇచ్చారు, చికాగో బుల్స్ 4 ఏళ్ళకి 3 కోట్ల 70 లక్షలు ఇచ్చింది, వెళ్ళిపోయాడు. ముగ్గురికి 12 కోట్లు పోసిన టీమ్, ఆ ముగ్గురూ చేయని పని చేసేవాడి దగ్గర బేరం ఆడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

అలా తయారైన టీమ్ లీగ్ లో అందరికన్నా ముసలి టీమ్. కార్మెలో 37, అరీజా 36, లెబ్రాన్ సీజన్ మధ్యలో 37 లోకి వచ్చాడు, రోండో, హోవర్డ్ 35. సోషల్ మీడియాలో జోకులు పేలాయి. నన్నడిగితే వయసు ఒక్కటే సమస్య కాదు, కార్మెలో నిజానికి తన జీతానికి రెండింతలు ఆడాడు, త్రీలు 37 శాతం పైన వేశాడు. సమస్య ఏంటంటే వయసైపోయినవాళ్ళు అందరూ ఒకే పని చేసేవాళ్ళు, కాళ్ళు కదపాల్సిన పని చేసేవాడు లేడు. అక్టోబర్ లోనే అరీజాకి చీలమండ సర్జరీ, హోర్టన్-టకర్ కి చేతి బొటనవేలు సర్జరీ, ఆ చిన్న ఎక్సెప్షన్ డబ్బు పెట్టి తెచ్చుకున్న కెండ్రిక్ నన్ కి మోకాలి ఎముక దెబ్బ, అతను ఆ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ప్రీ సీజన్ 6 ఆడి 6 ఓడారు. "ప్రీ సీజనే కదా" అన్నారు అందరూ.

ఇక కోర్ట్ మీదకి వద్దాం, నేను ఎక్కువ టైమ్ పెట్టేది ఇక్కడే.

మొదటి మ్యాచ్ గోల్డెన్ స్టేట్ మీద, స్టార్టింగ్ ఫైవ్ వెస్ట్‌బ్రూక్, బేజ్‌మోర్, లెబ్రాన్, డేవిస్, డియాండ్రే జోర్డన్. ఏ హాఫ్ కోర్ట్ పొజెషన్ అయినా ఆపి చూడండి. లెబ్రాన్ టాప్ లో బాల్ పట్టుకున్నాడు, డేవిస్ వచ్చి స్క్రీన్ పెట్టాడు (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడ్డాడు). మామూలుగా అయితే ఇది లీగ్ లోనే ఆపడం కష్టమైన పిక్ అండ్ రోల్ (స్క్రీన్ పెట్టినవాడు వెంటనే బాస్కెట్ వైపు వెళ్ళి పాస్ అందుకోవడం), 2020 టైటిల్ దీని మీదే వచ్చింది. ఇప్పుడు బాల్ ని వదిలేసి వెస్ట్‌బ్రూక్ ని చూడండి. వీక్ సైడ్ (బాల్ లేని వైపు) లో త్రీ పాయింట్ లైన్ దగ్గర నిలబడ్డాడు, అతన్ని కాయాల్సిన మనిషి అతని దగ్గర లేడు, రెండు కాళ్ళూ పెయింట్ (బాస్కెట్ ముందు గడి) లోపల పెట్టి డేవిస్ రోల్ అయ్యే దారిలో నిలబడి ఉన్నాడు. జోర్డన్ బాస్కెట్ కింద ఉంటాడు, అతని మనిషి కూడా అక్కడే. అంటే లెబ్రాన్ స్క్రీన్ దాటి తిరిగేసరికి రింగ్ ముందు ముగ్గురు. పాస్ ఎక్కడికి వెళ్ళాలి? ఖాళీగా ఉన్న వెస్ట్‌బ్రూక్ కే వెళ్ళాలి, డిఫెన్స్ కోరుకునేది కూడా అదే, ఎందుకంటే అతను ఆ సీజన్ త్రీలు 30 శాతం లోపే వేశాడు. డేవిస్ అయితే 19 శాతం లోపు. ఐదుగురిలో ముగ్గుర్ని బయట వదిలేసినా ఏం కాదు అని అందరికీ తెలిసిపోయింది.

వెస్ట్‌బ్రూక్ షూట్ చేయలేడు అన్నది 2021 లో కొత్త విషయం కాదు. అంతకుముందు ఏడాది వాషింగ్టన్ లో సగటున ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ పది లేదా ఆ పైన) చేశాడు, కెరీర్ లో అది నాలుగోసారి, కానీ అక్కడ బాల్ ఎక్కువసేపు అతని చేతిలో ఉండేది, చుట్టూ షూటర్లు, ఫాస్ట్ బ్రేక్ లో పరిగెత్తేవాడు. ఇక్కడ బాల్ లెబ్రాన్ చేతిలో. ఒకే స్టీరింగ్ కి ఇద్దరు డ్రైవర్లు. అలాంటప్పుడు బాల్ లేని మనిషికి చేయడానికి పనులు ఉంటాయి, స్క్రీన్ పెట్టి రోల్ అవ్వడం, బేస్‌లైన్ మీద కట్ చేయడం, బాస్కెట్ పక్కన డంకర్ స్పాట్ లో కూర్చోవడం. వోగెల్ ఇవన్నీ కాస్త కాస్త ట్రై చేశాడు. కానీ 13 ఏళ్ళు బాల్ తోనే ఆడి ఎంవీపీ (సీజన్ బెస్ట్ ప్లేయర్) అయిన మనిషిని 33 ఏళ్ళ వయసులో నువ్వు స్క్రీన్ పెట్టు అంటే మనసు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నా కాళ్ళకి అలవాటు కావాలి. మా కుర్రాళ్ళ లో కూడా ఇదే చూస్తా, కాలనీలో బెస్ట్ ప్లేయర్ అనిపించుకున్నోడికి బాల్ లేకుండా రెండు నిమిషాలు ఆడమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

డిఫెన్స్ కథ ఇంకా సింపుల్. ఫస్ట్ ప్లేస్ నుంచి 21వ ప్లేస్ కి పడిపోయింది. కోచ్ అతనే, వెనక డేవిస్ అతనే. మారింది ఏంటంటే బాల్ ఉన్న గార్డ్ ని ముందే ఆపేవాళ్ళు, అంటే కరూసో, కేసీపీ, లేరు. ముందు గేటు తెరిచి ఉంటే వెనక డేవిస్ ఎంతమందిని ఆపుతాడు, ఒకడికి హెల్ప్ వెళ్తే అతని మనిషికి పాస్, లేదా కార్నర్ లో త్రీ. టీవీలో చూసేవాళ్ళకి డేవిస్ లేట్ అయినట్టు కనపడుతుంది, నిజానికి పొరపాటు మూడు సెకన్ల ముందు 25 అడుగుల దూరంలో జరిగింది.

అక్టోబర్ 27న ఓక్లహోమా సిటీ లో జరిగిన మ్యాచ్ నేను పూర్తిగా చూపిస్తా, మనకి మర్నాడు పొద్దున్నే 5:30 కి మొదలైంది. అక్కడి టీమ్ థండర్ అప్పటికి ఒక్కటి కూడా గెలవలేదు, మొత్తం చిన్న పిల్లల టీమ్. లెబ్రాన్ చీలమండ నొప్పితో ఆడట్లేదు. లేకర్స్ 26 పాయింట్ల లీడ్ లోకి వెళ్ళారు. అక్కడి నుంచి 123-115 తో ఓడారు. వెస్ట్‌బ్రూక్ స్టాట్స్ చూస్తే 20 పాయింట్లు, 14 రీబౌండ్లు, 13 అసిస్టులు, పేపర్ లో బ్రహ్మాండం, పక్క కాలమ్ లో 10 టర్నోవర్లు (బాల్ ఎదుటివాళ్ళకి పోగొట్టడం). ఆ టర్నోవర్ల లో కొన్ని ఆపి చూస్తే అవి కంగారు పాస్‌లు కావు, కట్ చేయాల్సినవాడు నిలబడిపోయాడు, ఇతను కట్ చేస్తాడనుకుని వేశాడు. కలిసి ఆడని టీమ్ టర్నోవర్లు అలాగే ఉంటాయి, ఎవరికి వారే యమునా తీరే. చివర్లో రెండు సెకన్లు కూడా లేనప్పుడు, గెలుపు ఖాయమయ్యాక కూడా థండర్ కుర్రాడు బేజ్లీ వెళ్ళి డంక్ కొడితే వెస్ట్‌బ్రూక్ కి మండి అతని మీదకి వెళ్ళాడు, రెండో టెక్నికల్ ఫౌల్, మ్యాచ్ నుంచి బయటికి పంపేశారు.

ఎనిమిది రోజులకే నవంబర్ 4న సొంత గ్రౌండ్ లో అదే థండర్ మీద 19 పాయింట్ల లీడ్ పోగొట్టి 107-104 తో మళ్ళీ ఓడారు. ఇదే థండర్ నెల తర్వాత మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడింది, లీగ్ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి. అలాంటి టీమ్ కి రెండుసార్లు. సీజన్ చివర్లో ప్లే-ఇన్ లో ఆఖరి చోటు శాన్ ఆంటోనియో కి 34 గెలుపులతో దక్కింది, లేకర్స్ 33. ఆ రెండు మ్యాచులు గెలిస్తే 35. సీజన్ మొదటి మ్యాచులు ఎవరికి కావాలి అనేవాళ్ళకి నేను ఈ లెక్క చెప్తా.

మధ్య నెలలు త్వరగా చెప్పేస్తా. నవంబర్ లో డెట్రాయిట్ లో లెబ్రాన్ మోచేయి ఐజయా స్టీవర్ట్ ముఖానికి తగిలి రక్తం, గొడవ, లెబ్రాన్ కి కెరీర్ లో మొదటి సస్పెన్షన్, ఆ ఒక్క మ్యాచ్ న్యూయార్క్ లో ఓడారు. డిసెంబర్ 17న మిన్నెసోటా లో డేవిస్ మోకాలు, తర్వాత కోవిడ్ వేవ్, పది రోజుల కాంట్రాక్టు వాళ్ళతో నెట్టుకొచ్చారు. ఆ గందరగోళం లో దొరికిన స్టాన్లీ జాన్సన్, డ్రాఫ్ట్ కాని రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) ఆస్టిన్ రీవ్స్, వీళ్ళిద్దరూ కోర్ట్ లో ఉన్నప్పుడు టీమ్ కాస్త టీమ్ లా కనిపించింది, ఎందుకంటే వీళ్ళు చేసేది ఆ పోయిన కరూసో, కేసీపీ ల పనే. లెబ్రాన్ ని సెంటర్ గా పెట్టి చిన్న లైనప్ తో ఆడినప్పుడు ఆఫెన్స్ కి గాలాడింది. అది వోగెల్ కి దక్కాల్సిన క్రెడిట్, ఎవరూ ఇవ్వలేదు.

జనవరి 19న ఇండియానా మీద, ఆ ఏడాది చాలా వీక్ టీమ్ అది, చివరి నాలుగు నిమిషాలు దాదాపు వెస్ట్‌బ్రూక్ ని బెంచ్ మీద కూర్చోబెట్టాడు వోగెల్. 111-104 తో ఓడారు. ఇది కోచ్ గా నాకు చాలా ఇంట్రెస్టింగ్ పాయింట్. కూర్చోబెట్టడం తప్పు కాదు, కానీ కూర్చోబెట్టే కోచ్ కి వెనక మేనేజ్మెంట్ అండ ఉండాలి. టైటిల్ గెలిపించిన వోగెల్ కి ముందు ఎండాకాలంలో ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ ఒక్క ఏడాదే. డ్రెస్సింగ్ రూమ్ లో ఉన్న ప్రతి సీనియర్ కి ఇది తెలుసు. 4 కోట్ల 42 లక్షల మనిషికి, ఉద్యోగం ఎన్నాళ్ళో తెలీని కోచ్ రోల్ మార్చు అని చెప్తే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. ఫిబ్రవరి 10 ట్రేడ్ డెడ్‌లైన్ రోజు లేకర్స్ ఒక్క మార్పు చేయలేదు, చేయడానికి ఇవ్వగలిగిన జీతాలు లేవు, మధ్య జీతం వాళ్ళని ఎప్పుడో ఇచ్చేశారు కదా.

ఆల్ స్టార్ బ్రేక్ (సీజన్ మధ్య విరామం) కి 27-31. ఆ బ్రేక్ కి ముందు మ్యాచ్ లోనే డేవిస్ పాదం బెణికి మళ్ళీ చాలా వారాలు అవుట్. తర్వాత 24 మ్యాచుల్లో 6 గెలుపులు. ఆ టైమ్ లోనే లెబ్రాన్ మార్చి 5న గోల్డెన్ స్టేట్ మీద 56, ఆరు రోజులకి వాషింగ్టన్ మీద 50 కొట్టాడు, సీజన్ సగటు 30.3. 37 ఏళ్ళకి. నేను ఫ్యాన్ గా అవి చూసి చొక్కా చింపుకున్నా, కోచ్ గా చూస్తే గెలవడానికి ఒకడు 50 కొట్టాల్సి రావడమే జబ్బు ఎంత ముదిరిందో చెప్తోంది. మార్చి 27న న్యూ ఓర్లీన్స్ మీద 23 పాయింట్ల లీడ్ లో ఉండి 116-108 తో ఓడారు, అదే వాళ్ళకి పోటీగా ఉన్న టీమ్, అదే మ్యాచ్ లో లెబ్రాన్ చీలమండ మడతపడింది. ఏప్రిల్ 5న ఫీనిక్స్ లో 121-110 తో ఓడి ప్లే-ఇన్ లెక్క ముగిసింది.

డేవిస్ కోసం 2019 లో చేసిన ట్రేడ్ లో లేకర్స్ 2022 ఫస్ట్ రౌండ్ పిక్ కూడా ఇచ్చేశారు, కాబట్టి ఇంత ఓడినందుకు వచ్చే డ్రాఫ్ట్ పిక్ కూడా వీళ్ళది కాదు. 8వ పిక్ న్యూ ఓర్లీన్స్ కి వెళ్ళింది, వాళ్ళు డైసన్ డేనియల్స్ ని తీసుకున్నారు. ఆఖరి మ్యాచ్ ఏప్రిల్ 10న డెన్వర్ లో, ఓవర్‌టైమ్ లో గెలిచారు, రీవ్స్ 31 పాయింట్లు, 16 రీబౌండ్లు, 10 అసిస్టులు. మ్యాచ్ అయిన కాసేపటికే వోగెల్ ని తీసేస్తున్నారని రిపోర్టర్ ట్వీట్ చేశాడు, ప్రెస్ మీట్ లో అడిగితే నాకైతే ఎవరూ ఏం చెప్పలేదు అన్నాడు పాపం. మర్నాడు అఫీషియల్ గా తీసేశారు. జట్టు కట్టినవాళ్ళు ఉన్నారు, ఇచ్చిన జట్టుతో ఆడించినవాడు పోయాడు.

ఇప్పుడు గాయాల వాదన. లెబ్రాన్ 56 మ్యాచులు, డేవిస్ 40, ఇది పెద్ద నష్టమే, కాదనను. ఇద్దరూ 70 ఆడి ఉంటే ప్లేఆఫ్స్ కి వచ్చేవాళ్ళేమో. కానీ లెబ్రాన్, డేవిస్, వెస్ట్‌బ్రూక్ ముగ్గురూ కలిసి ఆడిన 21 మ్యాచుల్లో రికార్డ్ 11-10. ఆరోగ్యంగా ఉన్నప్పుడే సగం సగం. శాంపిల్ చిన్నది అనొచ్చు, ఒప్పుకుంటా, కానీ ఫిల్మ్ లో కనిపించేది కూడా అదే చెప్తోంది కాబట్టి నాకు ఇది సరిపోతుంది. పైగా 36 దాటిన మనిషి, గాయాల చరిత్ర ఉన్న మనిషి మీద టీమ్ కట్టినప్పుడు ఇద్దరూ 82 ఆడతారని ప్లాన్ వేయడం ఏంటి అసలు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

వెస్ట్‌బ్రూక్ విషయంలో మాత్రం నేను జనంతో ఏకీభవించను. 78 మ్యాచులు ఆడాడు, నొప్పులు ఉన్నా రోజూ వచ్చాడు, 18.5 పాయింట్లు, ఏడేసి రీబౌండ్లు అసిస్టులు. తన పేరుని వెక్కిరింపుగా మార్చి అరిచేవాళ్ళ వల్ల పిల్లలు, భార్య మ్యాచులకి రాలేకపోతున్నారని మార్చి లో ఓపెన్ గా చెప్పుకున్నాడు. అతన్ని అతనిలా ఉన్నందుకు తిట్టడం ఏం న్యాయం? మారలేకపోయాడు, అది అతని తప్పే, కానీ మారతాడని పందెం కాసింది వేరేవాళ్ళు.

ఒక రకంగా ఈ కేసుకి టెస్ట్ కూడా తర్వాతి ఏడాదే జరిగింది. 2023 ఫిబ్రవరి లో వెస్ట్‌బ్రూక్ ని ఇచ్చేసి ఆ ఒక్క పెద్ద జీతాన్ని ముక్కలు చేసి డి'ఏంజెలో రస్సెల్, మాలిక్ బీస్లీ, జారెడ్ వాండర్‌బిల్ట్ ని తెచ్చారు, ముగ్గుర్లో ఎవడూ సూపర్ స్టార్ కాదు. అదే లెబ్రాన్, అదే డేవిస్, 2-10 తో సీజన్ మొదలుపెట్టిన టీమ్ వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ కి వెళ్ళింది. అక్కడ డెన్వర్ 4-0 తో ఊడ్చేసింది. డెన్వర్ స్టార్టింగ్ ఫైవ్ లో లేకర్స్ గార్డులని కాసుకుంటూ తిరిగింది కేసీపీ.